ఊడ్పుల నీళ్లలో తగ్గిపోయిన దూరం: ఒక పీహెచ్‌డీ మోడల్ కేస్ స్టడీ

నేపథ్యం

కోనసీమలో తేనెటీగల మీద జరిగిన ఒక పీహెచ్‌డీ పరిశోధనలో, మూడో సంవత్సరం చివర మొదలై దాదాపు ఏడాదిన్నర సాగిన చిక్కును ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ పరిశోధనకు నేను గైడ్‌ని. పరిశోధకురాలిని గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలు తీసేశాను. ఊరి పేరు, సంస్థ పేరు కూడా చెప్పడం లేదు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఈ చిక్కులో నా పొరపాటు ఆవిడ పొరపాటు కన్నా తక్కువది కాదు.

గూటి నుంచి బయలుదేరిన తేనెటీగ పూలు వెతుక్కుంటూ ఎన్ని వంకరలు తిరిగినా, కడుపు నిండాక గీత గీసినట్టు నేరుగా గూటికి వస్తుంది. ప్రతి మలుపులోనూ ఎటు వెళ్లింది, ఎంత వెళ్లింది అన్న రెండింటినీ కూడుకుంటూ, గూడు ఇప్పుడు ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో ఎప్పటికప్పుడు తేల్చుకుంటూ ఉంటుంది కాబట్టే ఇది సాధ్యం. శాస్త్రంలో దీన్ని పాత్ ఇంటిగ్రేషన్ అంటారు. మేము మాటల్లో దారి లెక్క అనేవాళ్లం, ఇక్కడా అదే వాడతాను. దిక్కు కోసం ఈగ సూర్యుణ్ని, ఆకాశంలోని ధ్రువిత కాంతిని, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును, ఆధారం చేసుకుంటుంది. ఈ కేసుకు మూలం మాత్రం దూరం. ఎడారి చీమ దూరాన్ని అడుగులతో లెక్కపెట్టుకుంటుంది. 2006లో విట్లింగర్, వెనర్, వోల్ఫ్ చీమల కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేస్తే అవి గూడు దాటి ముందుకు పోయాయి, కాళ్లు కత్తిరించి పొట్టి చేస్తే గూడు రాకముందే ఆగి వెతకడం మొదలుపెట్టాయి. ఎగిరే ఈగకు అడుగులు లేవు. కిందా పక్కలా ఉన్న దృశ్యం తన కళ్ల మీదుగా ఎంత వెనక్కి జారిందో అదే దానికి దూరం. 2000లో శ్రీనివాసన్ బృందం లోపలి గోడల మీద గళ్లూ చుక్కలూ ఉన్న ఇరుకు సొరంగంలో ఈగల్ని ఎగరనిస్తే, 6 మీటర్లు దాటి వచ్చిన ఈగలు దాదాపు 200 మీటర్లు వెళ్లి వచ్చినట్టు గూట్లో నాట్యం చేశాయి. అంటే చీమ కొలబద్ద దాని కాళ్లలోనే ఉంటుంది, ఈగ కొలబద్దలో సగం పొలంలో ఉంటుంది. ఈ మాట మా సినాప్సిస్‌లో మొదటి పేజీలోనే రాశాం. రాసినదాని బరువు మాకు మూడేళ్ల తరవాత తెలిసింది.

నాట్యం గురించి రెండు మాటలు. మేత దొరికిన ఈగ పట్టు మీద పొట్ట ఊపుతూ కొంతసేపు నేరుగా పరుగెడుతుంది, చుట్టు తిరిగి మొదటికి వచ్చి మళ్లీ పరుగెడుతుంది. ఆ పరుగు నిలువు గీతతో చేసే కోణం సూర్యుడితో పోల్చి మేత ఏ దిక్కున ఉందో చెబుతుంది. పరుగు ఎంతసేపు సాగిందన్నది దూరం చెబుతుంది. కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973 నోబెల్ బహుమతిలో భాగం తెచ్చిపెట్టిన పరిశోధనలో ఇది ముఖ్యమైనది. మా వరకు నాట్యం అంటే ఈగ మెదడులోని దూరపు లెక్కను గాజు వెనక నిలబడి చదువుకోగలిగే మీటరు.

పరిశోధకురాలిది కంప్యూటర్ సైన్స్ నేపథ్యం. ఆవిడ తీసుకున్న మోడల్, 2017లో స్టోన్, వెబ్, హైన్జే తదితరులు ప్రచురించిన దారి లెక్క సర్క్యూట్. పనామా అడవుల్లో చీకట్లో ఎగిరే ఒక తేనెటీగ జాతి మెదడు నుంచి తీసిన రికార్డింగుల ఆధారంగా వాళ్లు దాన్ని కట్టారు. కీటకాల మెదడు నడుమ ఉండే సెంట్రల్ కాంప్లెక్స్‌లో 8 న్యూరాన్ల వలయం ఈగ ఇప్పుడు ఎటు తిరిగి ఉందో చెబుతుంది. ఇలాంటి దిక్సూచి నిజంగానే పనిచేస్తుండటాన్ని 2015లో సీలిగ్, జయరామన్ పండు ఈగ మెదడులో కళ్లారా చూపించారు. ఇంకొన్ని న్యూరాన్లు వేగాన్ని తెస్తాయి. ఈ రెండింటినీ కలిపి 16 జ్ఞాపక న్యూరాన్లు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కు ఖాతాలో, ప్రయాణాన్ని జమ వేసుకుంటాయి. తిరుగు ప్రయాణంలో ఆ ఖాతాను ఇప్పటి దిక్కుతో పోల్చి, ఎడమకా కుడికా అన్నది వేరే న్యూరాన్లు నిర్ణయిస్తాయి. చిన్నదైనా ఇంత పొందికైన సర్క్యూట్ జీవశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం. ఆ పొందికే మమ్మల్ని కొంత మత్తులో ఉంచిందనుకుంటాను.

ఈ మోడల్‌ను మన నేల మీద, మన ఈగతో సరిచూడాలన్నది థీసిస్ ఉద్దేశం. కొబ్బరి తోటల్లో పెట్టెల్లో పెంచుకునే పుట్ట తేనెటీగలను, అంటే ఏపిస్ సెరానాను ఎంచుకున్నాం. పెట్టెలు పెట్టిన ఒక రైతు తోట చివర గాజు పలకల పెట్టె ఒకటి బిగించాం. మార్చిలో, దాళ్వా (రబీ) వరి చేలు పచ్చగా కమ్ముకుని ఉన్నప్పుడు, తోట నుంచి చేల మీదుగా తూర్పుకు ఒక వరస, దక్షిణానికి ఒక వరస పంచదార నీళ్ల ఫీడర్లు పెట్టి, వీపు మీద రంగు చుక్క పెట్టిన ఈగల నాట్యాలను వీడియో తీశాం. ఏ దూరానికి పరుగు ఎంతసేపు సాగుతుందో తూర్పు వరస నుంచి తేల్చి, మోడల్ దూరపు గుణకాన్ని, అంటే మోడల్ లెక్కలోని దూరాన్ని నాట్యపు పరుగు సమయంగా మార్చే అంకెను, దానికి సరిపెట్టాం. దక్షిణపు వరసను మోడల్ అంకెలు ముట్టకుండానే సరిగా చెప్పింది. డాక్టోరల్ కమిటీ సంతోషించింది. నేనూ సంతోషించాను.

వచ్చిన సమస్య

జులైలో అదే తోట, అదే తూర్పు దిక్కు, అదే 250 మీటర్ల గుర్తు దగ్గర ఫీడర్. ఈగల నాట్యం మాత్రం మార్చిలో 180 మీటర్ల ఫీడర్‌కు చేసినంతసేపే సాగింది. దిక్కు సరిగానే ఉంది. మోడల్ 250 అంటోంది, ఈగలు 180 అంటున్నాయి.

అప్పటికి ఆవిడ ఫెలోషిప్ గడువులో ఏడాది పైచిలుకే మిగిలింది. తర్వాతి నిర్ణయాలన్నీ ఆ ఒత్తిడిలో తీసుకున్నవే కాబట్టి ఈ సంగతి చెప్పకుండా దాటడం సరికాదు.

మొదట అనుమానించినవి

మొదటి అనుమానం మా మీదే. నాట్యపు పరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టి మనిషి నిర్ణయించే విషయం. నాలుగు నెలల్లో కొలిచే చెయ్యి మారిపోవచ్చు. మార్చి, జులై వీడియోలను కలిపేసి, ఏది ఏ నెలదో తెలియని ఒక ఎమ్మెస్సీ విద్యార్థి చేత మళ్లీ కొలిపించాం. తేడా అలాగే ఉంది. ఈ పనికి పది రోజులు పట్టింది. ఈ కేసులో సంకోచం లేకుండా సరైనదని చెప్పగలిగిన నిర్ణయం ఇదొక్కటే.

రెండో అనుమానం తొందరగా తేలేది కాదు. పుట్ట తేనెటీగలు చీటికిమాటికి గూడు వదిలి లేచిపోతాయి. మా మార్చి గూడు జూన్ వానల్లో ఒక ఉదయం ఖాళీగా కనిపించింది, జులైది అదే రైతు దగ్గర తెచ్చుకున్న వేరే గూడు. జాతిని బట్టి నాట్యపు కొలత మారుతుందని తెలుసు. దక్షిణ భారతంలో మూడు జాతుల మీద 2020లో ప్రచురితమైన అధ్యయనంలో, తక్కువ దూరం తిరిగే జాతి అదే దూరానికి ఎక్కువసేపు నాట్యం చేస్తుందని తేలింది. ఒకే జాతిలో రెండు గూళ్ల మధ్య అంత తేడా ఉండటం నమ్మశక్యంగా లేకపోయినా, లేదని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. దాన్ని అలాగే పెండింగులో పెట్టాం.

మూడోది పరిశోధకురాలి సొంత ఆలోచన, ఈ కేసులోకెల్లా తెలివైన తప్పు. జులైలో మబ్బులు, మబ్బుల్లో ధ్రువిత కాంతి అందదు, దిక్సూచి తడబడుతుంది. దిక్సూచి తడబడితే దిక్కు కదా తప్పాలి, దూరం ఎందుకు తగ్గుతుందని అడిగాను. ఆవిడ బోర్డు మీద చూపించింది: ఎగురుతున్నంతసేపూ దిక్సూచి క్షణక్షణానికి అటూఇటూ ఊగితే, ఆ ఊగిసలాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటు దిక్కు సరిగానే ఉంటుంది, కానీ ప్రతి ముక్కలోనూ కొంత భాగం పక్క ఖాతాల్లోకి పోతుంది కాబట్టి మొత్తం పొడవు తరిగిపోతుంది. దిక్కు బాగుండి దూరం మాత్రమే తగ్గడానికి ఇది చక్కటి వివరణ. నాకు జవాబు తోచలేదు.

తోసిపుచ్చడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి లెక్క: 250ని 180 చేయడానికి దిక్సూచి ఎంత ఊగాలో వెనక్కి కట్టి చూస్తే సగటున దాదాపు 45 డిగ్రీలు వచ్చింది. అంత ఊగే దిక్సూచిని పట్టుకుని సిమ్యులేషన్‌లోని ఈగ తప్పతాగినవాడిలా ఎగిరింది. పొలంలోని ఈగలు అలా ఎగరడం లేదు. రెండోది మరీ సులువైనది, మేము ఆలస్యంగా చేసినది. జులై నాట్యాలను ఆ గంటలో ఆకాశం ఎలా ఉందో చూసి రెండు కుప్పలు చేశాం. వాన తెరిపిచ్చి నీలాకాశం కనిపించిన గంటల్లోనూ దూరం అంతే తగ్గి ఉంది. మబ్బు నిర్దోషి.

ఇక్కడ ఒక పద్ధతి లోపం చెప్పాలి. అప్పటిదాకా ఆవిడ ప్రోగ్రామ్ ఈగకూ మోడల్‌కూ మధ్య తేడాను ఒకే ఒక్క అంకెగా, అన్ని నాట్యాల సగటు తప్పుగా ఇచ్చేది. తప్పును దారి వెంట ఎంత, దారికి అడ్డంగా ఎంత అని రెండుగా విడదీసి గీయడం దిక్సూచి మీద అనుమానం వచ్చాకే మొదలైంది. విడదీసిన పటం మొదటి వారమే చూసి ఉంటే దూరాన్ని కొలిచే భాగం మీదికే చూపు పోయేదని నా నమ్మకం. ఆ అంకెను ఒక్కటిగా ఉంచమని, పటాలు తక్కువగా ఉంటే కమిటీకి సులువని చెప్పింది నేనే.

సరిపోయి కూడా పనికిరానివి

ఆగస్టు మొదట్లో ఆవిడ ఒక పరిష్కారంతో వచ్చింది. దూరపు గుణకాన్ని మార్చికి ఒకటి, జులైకి ఒకటిగా ఉంచితే మోడల్ రెండు నెలలకూ సరిపోతుంది. కీటకాలు రుతువును బట్టి మారతాయి, దీనికి జీవశాస్త్రపు కారణం వెతకవచ్చు అన్నది ఆవిడ వాదన. కమిటీలో ఇద్దరికి ఇది నచ్చింది. ఇలా ముగించి ఉంటే థీసిస్ సమయానికి సమర్పించేవాళ్లం.

నేను ఒప్పుకోలేదు. రెండు పరిశీలనలకు రెండు గుణకాలు ఇచ్చాక మోడల్ సరిపోకుండా ఎలా ఉంటుంది? పైగా జులైలో పుట్టి జులైలో మేత తెచ్చే ఈగకు మార్చి గుణకం ఏదో తెలియదు. మేతకు తిరిగే ఈగ బతికేది కొద్ది వారాలే. నెలను బట్టి మారే అంకె ఈగ మెదడులో ఉండటం కన్నా పొలంలో ఉండే అవకాశమే ఎక్కువ. ఈ మాట అన్నాను గానీ, పొలంలో ఏం మారిందో చూడటానికి అప్పుడే వెళ్లలేదు. ఆవిడ ఇంకో ఆరు వారాలు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు నాట్యాలన్నీ నేర్పించే పనిలో గడిపింది. అది నేర్చిన తూర్పు వరసను అద్భుతంగా చెప్పింది, నేర్చుకోని దక్షిణపు వరసలో ఘోరంగా తప్పింది. దాని గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

తాడు మీద కెమెరా

నాకు దారి చూపినది పెట్టెల రైతు. సెప్టెంబరులో ఒక ఉదయం తోటకు వెళ్లినప్పుడు, జులైలో ఈగలు వేరుగా ఏమైనా చేస్తాయా అని ఊరికే అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి అన్నారు: "ఊడ్పుల్లో నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఈగ కిందకి దిగిపోద్దండి మేస్టారూ. ఒక్కోటి నీళ్లల్లో పడిపోద్ది కూడానూ. గాలాడితే ఆ బాధ ఉండదండి."

పరిశోధకురాలు నా వైపు చూసింది. ఈ సంగతి ఇద్దరం చదివినదే. అద్దంలాంటి సరస్సు మీద ఎగిరిన తేనెటీగలు ఎత్తు కోల్పోయి నీళ్లలో పడ్డాయని హెరాన్, లిండావర్ 1963లోనే రాశారు. నీటి మీదుగా ఎగిరిన ఈగల నాట్యంలో దూరం నేల మీదకన్నా చాలా నెమ్మదిగా పెరుగుతుందని 2004లో టౌట్జ్ బృందం చూపించింది. రెండు పేపర్లూ ఆవిడ థీసిస్ మొదటి అధ్యాయంలో ఉన్నాయి. మోడల్‌లో లేవు. మోడల్‌లో వేగపు న్యూరాన్లకు ఇచ్చే విలువ ఒకే ఒక్క లైను కోడ్: సిమ్యులేషన్‌లో ఈగ ఎంత వేగంగా ఎగురుతోందో ఆ అంకెను నేరుగా తీసి ఇచ్చేయడం. ఈగ కళ్లతో కష్టపడి సంపాదించుకోవలసినదాన్ని మేము ఉచితంగా దానం చేశాం.

అయినా ఈసారి తొందరపడలేదు. నాటిన చేను మీదుగా ఎగిరే ఈగకు నిజంగా ఏం కనిపిస్తుందో ముందు చూడాలనుకున్నాం. ఆలస్యంగా ఊడ్పులు అయిన ఒక చేనుకు రెండు గట్ల మీద వెదురు గెడలు పాతి, మధ్య కొబ్బరి తాడు బిగించి, నీటికి 2 మీటర్ల ఎత్తున చిన్న కెమెరా ఒకటి కిందకు చూసేలా వేలాడదీసి, దారంతో లాగాం. ఉదయం ఏడున్నర, గాలి లేదు. ఆ వీడియోను తోటలోనే లాప్‌టాప్ మీద చూశాం. గట్టు దాటగానే తెర నిండా ఆకాశం. నారు కుదుళ్లు పలచగా, సూదుల్లా, అక్కడక్కడ వెనక్కి జారుతున్నాయి. మిగతాదంతా తెల్లటి మబ్బు. కెమెరా ఎంత ముందుకు పోతే మబ్బూ అంత ముందుకు వస్తోంది, తెర మీద ఉన్నచోటే ఉంది. ఒక మూల కొబ్బరి చెట్టు తల ప్రతిబింబం మాత్రం చాలా నెమ్మదిగా కదిలింది.

దీని వెనక ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. నిశ్చలమైన నీటిలో ప్రతిబింబం, అసలు వస్తువు నీటికి ఎంత పైన ఉందో నీటికి అంత కింద ఉన్నట్టు కనిపిస్తుంది. 15 మీటర్ల చెట్టు తల నీటికి 15 మీటర్ల కింద ఉన్నట్టు, అంటే 2 మీటర్ల ఎత్తున ఎగిరే కంటికి 17 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. దృశ్యం జారే వేగం దూరం పెరిగిన కొద్దీ తగ్గుతుంది కాబట్టి, పచ్చటి చేను మీద జారేదానిలో దాదాపు ఎనిమిదో వంతే ఇక్కడ జారుతుంది. మబ్బు ప్రతిబింబం అయితే అసలు జారదు. మార్చిలో అదే దారిలో కింద వరి ఆకులు, గట్టి వెలుగునీడలు. జులైలో వాన తెరిపిచ్చి గాలి పడిపోయిన వేళల్లోనే ఈగలు ఎక్కువగా బయటికి వస్తాయి; నీళ్లు అద్దం అయ్యేదీ ఆ వేళల్లోనే.

ఇంత పెద్ద లోపం మూడేళ్ల సిమ్యులేషన్లలో ఎందుకు కనిపించలేదన్నది నన్ను చాలా రోజులు వేధించింది. జవాబు మా గీటురాయిలో ఉంది. ఈగ ఇల్లు చేరిందా లేదా అన్నదే మేము ప్రతిసారీ చూసిన పరీక్ష. కానీ దూరాన్ని తప్పుగా కొలిచే ఈగ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకేలా తప్పుగా కొలిస్తే, ఆ రెండు తప్పులూ రద్దయిపోయి సరిగ్గా ఇంటి ముందే దిగుతుంది. తప్పు కుంచంతో ధాన్యం అప్పు తీసుకుని, అదే కుంచంతో తీర్చినవాడికి బాకీ ఎప్పుడూ సున్నాయే. కొలత బయటపడేది వేరే కుంచం ఎదురైనప్పుడు: పోయేటప్పుడు గట్ల వెంట చుట్టు తిరిగి, వచ్చేటప్పుడు నీటి మీదుగా అడ్డంగా వచ్చినప్పుడు, లేదా లెక్కను మూడోవాడికి, అంటే నాట్యం చూసే మాకు, చెప్పవలసి వచ్చినప్పుడు. మేము ఇంటికి చేరే పరీక్షను వందలసార్లు నడిపి, ప్రతిసారీ నెగ్గి, దూరాన్ని కొలిచే భాగం గురించి ఏమీ తెలుసుకోలేదు.

పనిచేసినది

సర్క్యూట్‌లో న్యూరాన్ల జోలికి పోలేదు. ఆ ఒక్క లైను తీసేసి, దాని స్థానంలో తాడు కెమెరా వీడియోల నుంచి కదలికను లెక్కించే భాగాన్ని పెట్టాం. 1956లో హాసెన్‌స్టైన్, రైషార్ట్ ప్రతిపాదించిన పద్ధతిలో, పక్కపక్కనున్న రెండు కంటి బిందువుల వెలుగును కాలం తేడాతో పోల్చే డిటెక్టర్లు అవి. మార్చిలో తేలిన గుణకాన్ని కదపకూడదని ముందే కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం. ఇది కొంచెం నాటకీయంగా అనిపించవచ్చు. అంతకుముందు ఆరు నెలలూ గుణకాలు మార్చుకుంటూ పోయినవాళ్లకు అలాంటి కట్టడి అవసరమే.

మోడల్ జులై దూరాన్ని తగ్గించి చెప్పింది. ఇది నాకు చాలలేదు. సమాధానం తెలిసిన ప్రశ్నకు తెలిసిన సమాధానం వచ్చింది, పైగా వేరే గూడు అన్న అనుమానం ఇంకా పెండింగులోనే ఉంది. ఒకే గూడు, ఒకే వారం, ఒకే ఆకాశం కింద నీటి రూపాన్ని మాత్రమే మార్చగలిగితే తప్ప మాట నిలబడదు. సముద్రపు గాలి మధ్యాహ్నానికి నీటిని ముడతలు పెడుతుంది కదా, ఉదయాన్నీ మధ్యాహ్నాన్నీ పోలుద్దామని మొదట అనుకున్నాం. కానీ గాలి ఈగ ఎగిరే ఎత్తునూ మారుస్తుంది. తేడా వస్తే అది నీటి వల్లో గాలి వల్లో చెప్పలేం. వదిలేశాం.

కొబ్బరి మట్టల ఆలోచన పరిశోధకురాలిది. ఫిబ్రవరిలో, గాలి లేని ఉదయాల్లో, తోటకు ఆనుకుని ఉన్న ఒక చేపల చెరువుకు అవతలి గట్టు మీద ఫీడర్ పెట్టాం. ఎండు మట్టలను కొబ్బరి తాడుతో వరసగా కట్టి, ఈగల దారి కింద చెరువు మీద చాపలా తేలేశాం. మట్టలున్న రోజు, లేని రెండు రోజులు, మళ్లీ మట్టలున్న రోజు అన్న క్రమంలో నడిపాం. రోజులు గడిచేకొద్దీ ఈగలు అలవాటు పడటం, పూత మారడం లాంటివి ఒకవైపే మొగ్గకుండా ఉండటానికి. గట్టు వెంట చుట్టు తిరిగి వస్తున్నాయేమోనని, రంగు చుక్క ఈగలు పెట్టె వదిలిన సమయం, ఫీడర్ చేరిన సమయం ఇద్దరు మనుషులు రాసుకున్నారు. రెండు రకాల రోజుల్లోనూ ప్రయాణ సమయం ఒకేలా ఉంది. చెరువు యజమాని మొదటి రోజు వచ్చి, మట్టల కింద వల వేస్తున్నామేమోనని చాలాసేపు గట్టు మీదే కూర్చున్నారు.

మట్టలున్న రోజుల్లో నాట్యపు పరుగులు పొడుగయ్యాయి, తీసేసిన రోజుల్లో తగ్గాయి, దిక్కు మారలేదు. ఫీడర్ అంగుళం కదలలేదు. వేరే గూడు అన్న అనుమానం ఆ వారంతో పోయింది. రుతువుల గుణకం కూడా.

మిగిలిపోయినది

మట్టలు లేని రోజుల్లో మోడల్ చెప్పినంతగా ఈగల దూరం తగ్గలేదు. మోడల్ ప్రకారం నీటి మీద దూరం దాదాపు మాయమైపోవాలి. ఈగల లెక్కలో తగ్గింది గానీ మాయం కాలేదు. ఇక్కడ మళ్లీ గుణకాన్ని తాకాలన్న కోరిక ఇద్దరికీ కలిగింది. కాగితం మీది సంతకాలు అప్పుడు ఉపయోగపడ్డాయి.

నా అనుమానం ఎత్తు మీద. తేనెటీగ కింది దృశ్యం జారే వేగాన్ని ఒకే స్థాయిలో ఉంచుకునేలా తన ఎత్తును మార్చుకుంటుందని 2010లో పోర్టెల్లీ, ఫ్రాన్సెస్కిని తదితరులు చూపించారు. నీటి మీద జారడం తగ్గితే ఈగ దాన్ని పెంచుకోవడానికి కిందకు దిగుతుంది, దిగితే నీటి మీద తేలే కొద్దిపాటి నురగ, ఆకులు దగ్గరై కొంత జారుడు తిరిగి దక్కుతుంది. రైతు చెప్పింది అదే. మా మోడల్‌లో ఈగ ఎప్పుడూ 2 మీటర్ల ఎత్తునే ఎగురుతుంది, ఎందుకంటే మా తాడు ఆ ఎత్తున ఉంది. పరిశోధకురాలికి పక్క చెట్ల మీద అనుమానం: కెమెరా కిందకే చూసింది, ఈగ పక్కలకూ చూస్తుంది, గట్ల మీది కొబ్బరి చెట్లు నీటితో పనిలేకుండా జారుతూనే ఉంటాయి. రెండూ కొంత నిజం కావచ్చు. ఆవిడ థీసిస్ ఐదో అధ్యాయంలో ఈ తేడాను పటంతో సహా ఉన్నదున్నట్టు రాసింది. సవరణ సమయంలో దాన్ని అనుబంధంలోకి నెట్టమన్న సలహా వస్తే ఒప్పుకోలేదు, నేను ఆవిడ పక్షానే నిలబడ్డాను.

ఈ కేసు తరవాత మా దగ్గర మారిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. కొత్తగా చేరిన విద్యార్థి మోడల్ మొదలుపెట్టే ముందు, అందులోకి బయటి నుంచి వచ్చే ప్రతి విలువకూ ఎదురుగా, నిజమైన జీవి దాన్ని ఏ అవయవంతో ఎలా సంపాదిస్తుందో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే కోడ్ మొదలవదు. మొదటి అధ్యాయంలో ఉదహరించిన ప్రతి ప్రయోగానికీ, అది మోడల్‌లో ఏ లైనుకు సంబంధించినదో పక్కన గుర్తు పెట్టాలి; గుర్తు పెట్టడానికి చోటు దొరకని పేపర్ల గురించి వారం వారం మాట్లాడుకుంటాం. పొలం పని ఒక్క పంట కాలంలో ముగించడానికి నేను ఇక సంతకం పెట్టను. డెల్టాలో సార్వాకూ (ఖరీఫ్ పంటకూ) దాళ్వాకూ మధ్య నేల రూపం ఎంత మారుతుందో ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తెలియనిది కాదు, అయినా మార్చి వరసలకు మాత్రమే అనుమతి ఇచ్చింది నేనే.

ఎత్తు కొలిచే పని ఇప్పుడు ఇంకో విద్యార్థి చేతిలో ఉంది. అదే చెరువు గట్ల మీద, అడుగడుక్కీ ఎరుపు తెలుపు పట్టీలు వేసిన వెదురు గెడలు వరసగా పాతి, ఎదురుగట్టు మీద నుంచి కెమెరా పెట్టి, దాటే ఈగ ఏ పట్టీ ఎదురుగా కనిపిస్తోందో చూస్తున్నాడు. చెరువు యజమాని ఈసారి గెడలు తానే కొట్టించి ఇచ్చారు. మొదటి వారం గెడల మీద లకుముకి పిట్టలు వాలడం మొదలుపెట్టాయి, అవి వాలినప్పుడు ఈగలు పక్కకు తప్పుకుంటున్నాయి. గెడల కొసలకు ముళ్లకంప కట్టమన్నాను.